రెండో చాయ్ దాకా

ఎల్లుండి పెత్రమాస. పంచాంగంలో మహాలయ అమావాస్య అని ఉంటుంది. మా పాతబస్తీ గల్లీల్లో మాత్రం పెత్రమాస అంటేనే తెలుస్తుంది. పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తాం. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. షాలిబండ చౌరస్తాలో అప్పుడే తంగేడు పూల కట్టలు దిగాయి. గునుగు కూడా వచ్చింది. మా ఆవిడ కట్ట ధర అడిగి నా వైపు కోపంగా చూసింది, ధర నేనే పెంచినట్టు.

పెత్రమాస నుంచి దసరా దాకా పది రోజులు. ఈ పది రోజుల్లో మనలో చాలామందికి ప్రయాణం తప్పదు. కొందరు ఇమ్లీబన్‌లో బస్సెక్కుతారు. కొందరు ఆరాంఘర్ దగ్గర చెయ్యి ఊపుతూ నిలబడతారు. కొందరు షాలిబండ నుంచి ఉప్పుగూడకు నడిచే పోతారు. నా లెక్కలో అది కూడా ప్రయాణమే.

ఈరోజు మీకు ఒక్కటే మాట చెప్తాను. ఈ పండక్కి మీరు ఎవరింటికి పోయినా, రెండో చాయ్ దాకా కూర్చోండి. మొదటి చాయ్ తాగి లేవకండి. రెండో చాయ్ దాకా కూర్చోండి.

ఇంత చిన్న మాటకు రేడియో ఎందుకు అనుకుంటున్నారేమో. ఈ చిన్న మాట నాకు తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. అందుకే చెప్తున్నాను.

నిరుడు దసరా సాయంత్రం. జేబు నిండా జమ్మి ఆకు. ఒక చేతిలో బండి తాళం, ఇంకో చేతిలో ఫోను. గౌలిపురాలో మొదలుపెట్టాను. లాల్‌దర్వాజ అయింది. సుల్తాన్‌షాహి అయింది. ఉప్పుగూడ అయింది. చివరికి అలియాబాద్. మీకు తెలుసు కదా మన పద్ధతి. జమ్మి ఆకును బంగారం అంటాం. పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కుతాం. ఈడువాళ్ళయితే అలయ్ బలయ్ తీసుకుంటాం. రాత్రి పదిన్నరకు ఇంటికొచ్చేసరికి పదకొండు ఇళ్ళు తిరిగాను. పదకొండు! మా ఆవిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆమె ఒక్కటే అడిగింది. "అత్తమ్మ ఎట్లున్నది?"

అత్తమ్మ అంటే మా నాయిన చెల్లెలు. నాకు మేనత్త. ఎనభైకి దగ్గర పడింది. అలియాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. "మంచిగనే ఉన్నది" అన్నాను. అన్నాక ఆలోచిస్తే ఆమె ముఖం గుర్తుకు రావడం లేదు. ఆమె పాదాలు గుర్తున్నాయి. చాయ్ కప్పు గుర్తుంది. కప్పు అంచు కొంచెం పగిలి ఉంది. ముఖం మాత్రం రావడం లేదు. నేను అసలు చూశానా?

తర్వాత కార్తీకంలో ఒక ఆదివారం వాళ్ళింటికి పోయాను. పండగ కోసం కాదు. అప్పాల డబ్బా తిరిగి ఇవ్వడానికి పోయాను. గుమ్మంలోనే ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను. వాన పట్టుకుంది. ఇక చేసేదేముంది? కూర్చున్నాను. మొదటి చాయ్ అయింది. వాన తగ్గలేదు. రెండో చాయ్ వచ్చింది. అప్పుడు అత్తమ్మ మెల్లగా అన్నది. "చెల్లెను చూడక మూడేండ్లాయె."

ఆ చెల్లె అంటే నాకు చిన్నత్తమ్మ. జడ్చర్ల అవతల పల్లెలో ఉంటుంది. "ఫోన్ల మాట్లాడుతలేవా?" అని అడిగాను. "ఫోన్ల ఇనపడది" అన్నది. "నాకు కాదు, దానికి" అని వెంటనే సర్దుకుంది. ఆ పట్టుదల మా వంశంలోనే ఉంది.

"మరి దసరా నాడు నాకు చెప్పకపోతివి?" అన్నాను.

"నువ్వు నిలబడ్డవు కద కొడుకా. నిలబడ్డోనికి ఏం చెప్తరు?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నేను కుర్చీలో కూర్చునే చాయ్ తాగాను. అయినా ఆమె లెక్కలో నేను నిలబడ్డట్టే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మొదటి చాయ్ దగ్గర మనం ఏం మాట్లాడతాం? అందరు మంచిగున్నరా? మంచిగున్నం. పిల్లలేం చేస్తున్నరు? చదువుతున్నరు. ట్రాఫిక్ బాగున్నదా? అబ్బో, అడగకు. ఇవన్నీ తయారుగా ఉన్న ప్రశ్నలు. తయారుగా ఉన్న జవాబులు. తప్పేం లేదు. ఎవరైనా అక్కడే మొదలుపెట్టాలి. కానీ ఆ చాయ్ కప్పు కింద పెట్టగానే ఆ ప్రశ్నలు అయిపోతాయి. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తుంది. సరిగ్గా అక్కడే మనం "ఇగ పోయొస్త" అని లేస్తాం. ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక లేస్తాం. చెప్పాల్సిన మాట ఉన్న మనిషి ఆ నిశ్శబ్దం కోసమే ఎదురు చూస్తుంటాడు.

పత్తర్‌గట్టీ దగ్గర మా నాయినకు ఒక దోస్తు ఉండేవాడు. గడియారాల మెకానిక్. మేము చాచా అనేవాళ్ళం. దసరా నాడు నాయిన నన్ను వెంటబెట్టుకుని జమ్మి ఆకు తీసుకుని ఆయన దుకాణానికి పోయేవాడు. ఇదంతా గంగా జమునా తహజీబ్ అని ఉపన్యాసం చెప్పడానికి ఎత్తుకోలేదు. ఆ ఉపన్యాసాలు మీరు చాలా విన్నారు. ఆయన పని చేసే తీరు చెప్పాలని. ఎవరైనా ఆగిపోయే గడియారం తెచ్చిస్తే చాచా వెంటనే విప్పేవాడు కాదు. చావి ఇచ్చి పక్కన పెట్టుకునేవాడు. చాయ్ తెప్పించేవాడు. గడియారం నడుస్తుంటే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఇంకో చాయ్ తెప్పించేవాడు. మళ్ళీ వినేవాడు. అప్పుడు విప్పేవాడు. నాయిన లేవబోతే "బైఠో మియా, ఏక్ చాయ్ ఔర్" అనేవాడు. మా నాయిన, ఆయన కూడా ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళు కాదు. చిన్నప్పుడు నాకు అది విసుగ్గా ఉండేది. ఇద్దరు పెద్ద మనుషులు ఏమీ మాట్లాడకుండా అంతసేపు ఎట్లా కూర్చుంటారు అనుకునేవాణ్ణి.

గడియారం అంటే ఇంకొకటి చెప్పాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం మీరు చూసే ఉంటారు. గంట కాబోతుంటే జనం గుమిగూడుతారు. తలుపు తెరుచుకుంటుంది. గడ్డపు బొమ్మ బయటకు వస్తుంది. ఎన్ని గంటలయితే అన్ని దెబ్బలు కొడుతుంది. లోపలికి పోతుంది. జనం చెదిరిపోతారు. కానీ అదే గడియారంలో ఇంకో బొమ్మ ఉంది. కమ్మరి బొమ్మ. అది ప్రతి సెకనుకూ సుత్తితో కొడుతూనే ఉంటుంది. దాని కోసం ఎవరూ ఆగరు. నా పదకొండు ఇళ్ళ దసరా గడ్డం బొమ్మను చూసినట్టు అయింది. గంట కొట్టాడు, చూశాను, వెళ్ళిపోయాను. అత్తమ్మ సంగతి కమ్మరి దగ్గర ఉంది.

కాబట్టి రెండో చాయ్ దాకా కూర్చోండి.

మీరు ఒక మాట అడుగుతారు. పదకొండు ఇళ్ళల్లో రెండేసి చాయ్‌లు తాగితే రాత్రికి నిద్ర పడుతుందా? పట్టదు. అందుకే అన్ని ఇళ్ళూ దసరా నాడే పెట్టుకోవద్దు. మన పండగ ఒక్కరోజుది కాదు కదా. పది రోజులు ఉంది. అదీ ఒక వరసలో ఉంది. ఆ వరస గమనించండి. మొదటి రోజు పెత్రమాస. అది పోయినవాళ్ళది. తర్వాత బతుకమ్మ. అది పుట్టింటికి వచ్చే ఆడబిడ్డలది. చివర దసరా. జమ్మి చేతిలో పట్టుకుని బతికి ఉన్న పెద్దల దగ్గరికి పోతాం.

పెత్రమాస అంటే నాకు మా నాయినమ్మ గుర్తొస్తుంది. అయ్యగారికి ఇవ్వడానికి చాటలో బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు సర్దేది. మమ్మల్ని పిలిచి పెద్దల పేర్లు చెప్పించేది. మూడు తరాల పేర్లు చెప్పాలి. మాకు రెండు తరాలు వచ్చేవి. మూడో తరం దగ్గర ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. పేర్లన్నీ అయ్యాక ఒక పిడికెడు బియ్యం ఎక్కువ వేసేది. ఇది ఎవరికి అంటే, "మూసీల పోయినోళ్ళకు" అనేది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. వేలమంది పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆయన కళ్ళ ముందే ఆ నీళ్ళల్లో పోయారు. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్తారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తిథులు వెనక్కి లెక్కపెడితే వరద వచ్చినవి ఆశ్వయుజం మొదటి రోజులు. అంటే బతుకమ్మ రోజులే. ఆ రోజుల్లో ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో పూలు వాడిపోయి ఉంటాయో. మా నాయినమ్మ ఆ వరద చూసిన మనిషి కాదు. వాళ్ళ అమ్మ చెప్తే విన్నది. పేరు తెలియని వాళ్ళకు కూడా ఒక పిడికెడు వేసింది.

ఈసారి మీరు చార్మినార్ వైపు నుంచి బస్సులో పోతుంటే, నయాపూల్ మీద బస్సు ఆగుతుంది. తప్పకుండా ఆగుతుంది, ఆ విషయంలో అనుమానం లేదు. అప్పుడు ఎడమ పక్కకు ఒకసారి చూడండి. ఆస్పత్రి కనిపిస్తుంది. ఆ చెట్టు అక్కడే ఉంది.

పోయినవాళ్ళ దగ్గర మనం రెండో చాయ్ దాకా కూర్చోలేం. వాళ్ళకు పిడికెడు బియ్యమే. ఆ పని అయిన సాయంత్రం నుంచే కూర్చోగలిగిన వాళ్ళ రోజులు మొదలవుతాయి.

బతుకమ్మ రోజుల్లో ఆరో రోజు నాకు అన్నిటికన్నా ఇష్టం. అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు. ఆడరు. అమ్మవారు అలిగింది అంటారు. తొమ్మిది రోజుల పండగలో ఒక రోజును ఖాళీగా వదిలేసిన మన ఆడవాళ్ళకు దండం పెట్టాలి. పాటలు లేని రోజు. చప్పట్లు లేని రోజు. ఆ రోజు ఏం చేయాలి? నా సలహా చెప్తాను. మీ మీద అలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ రోజు వాళ్ళింటికి పోండి.

మా చిన్నాయిన కొడుకుకూ నాకూ ఆరేళ్ళు మాటల్లేవు. బోరు మోటరు దగ్గర మొదలైంది. ఎవరు ఎంతసేపు వేసుకోవాలి, కరెంటు బిల్లు ఎవరు ఎంత కట్టాలి, అదీ గొడవ. రెండేళ్ళ కింద అలిగిన బతుకమ్మ నాడు పోయాను. తలుపు తీశాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కూర్చున్నాను. మొదటి చాయ్ వాళ్ళావిడ ఇచ్చింది. ఇద్దరం క్రికెట్ మాట్లాడుకున్నాం. నిజానికి ఇద్దరికీ క్రికెట్ అంతగా తెలియదు. రెండో చాయ్ సగం తాగాక తనే అన్నాడు. "ఆ మోటరు కాలిపోయి శాన రోజులాయె." ఇద్దరం నవ్వాం. క్షమాపణలు ఎవరూ చెప్పుకోలేదు. మొదటి చాయ్ దగ్గరే లేచి ఉంటే ఆ మోటరు ఇంకా తిరుగుతూనే ఉండేది.

ఇప్పుడు ఆడవాళ్ళు నన్ను తిడుతుంటారని తెలుసు. "రెండో చాయ్ దాకా కూర్చోండి అని రేడియోల చెప్పిండు. ఆ రెండో చాయ్ ఎవరు పెట్టాలె?" న్యాయమైన ప్రశ్న. పండగ పూట ఆ ఇంటావిడ పొయ్యి దగ్గరే ఉంటుంది. మనం ఇంకో గంట కూర్చుంటే ఆమెకు ఇంకో గంట చాకిరి. అందుకే ఈ మాట కూడా వినండి. మొదటి చాయ్ వాళ్ళు పెడతారు. రెండో చాయ్ మీరు పెట్టండి. అడిగి, వంటింట్లోకి పోయి, మీరే పెట్టండి. మగవాళ్ళు పోతే నవ్వుతారు. నవ్వనీయండి.

ఇది మర్యాద కోసం మాత్రమే చెప్పడం లేదు. ముందు గదిలో అందరి ఇళ్ళూ ఒకలాగే ఉంటాయి. వంటింట్లో పది నిమిషాలు నిలబడితే ఆ మనిషి ఎట్లా బతుకుతున్నదో తెలుస్తుంది. ఆ వాన పట్టిన ఆదివారం రెండో చాయ్ అత్తమ్మే పెట్టింది. ఇంకోసారి పోయినప్పుడు నేను పెడతానన్నాను. "నీకు వస్తదా?" అన్నది. పోయాను. లైటరు వెలగదు, అగ్గిపెట్టె వాడుతున్నది. అగ్గిపుల్ల గీసేటప్పుడు ఆమె చేయి వణుకుతుంది. చాయ్ పొడి డబ్బా పై అరలో ఉంది. నాకే మునివేళ్ళ మీద నిలబడితే గానీ అందలేదు. పగలు కొడుకు, కోడలు పనికి పోతారు. మరి అత్తమ్మ మధ్యాహ్నం చాయ్ ఎట్లా తాగుతుంది? "వాళ్ళొచ్చినంక తాగుత" అన్నది, అది పెద్ద విషయం కానట్టు. కోడలు చెడ్డది కాదు. డబ్బా మొదటి నుంచీ అక్కడే ఉంది, అంతే. ఎవరూ చూసుకోలేదు. నేను ఆ డబ్బాను కింది అరలో పెట్టాను. మర్నాడు ఒక లైటరు కొని ఇచ్చాను. పదేళ్ళుగా ప్రతి పండక్కీ ఆమెకు మిఠాయి డబ్బా తీసుకుపోతున్నాను. ఆమెకు షుగర్.

కాబట్టి మిఠాయి డబ్బా సంగతి కొంచెం ఆలోచించండి. వంటింట్లో ఏది లేదో చూసి, అది తీసుకుపోండి. దానికి ముందు ఒకసారి కూర్చోవాలి. రెండో చాయ్ దాకా.

ఫోను గురించి పెద్దగా చెప్పను. సంచిలో పెట్టండి. మోగితే మోగనీయండి. ఇక పండగ పూట కూడా డ్యూటీ చేసే వాళ్ళున్నారు. బస్సు డ్రైవర్లు, కండక్టర్లు, నర్సులు, మా రేడియోలో ఈ గాజు గది అవతల కూర్చున్న అమ్మాయి. వాళ్ళకు ఈ పది రోజులు కుదరకపోతే కార్తీకంలో పోవచ్చు. నాకు కుదిరింది కార్తీకంలోనే.

చెల్లెను చూడాలన్న అత్తమ్మ కోరిక సంగతి చెప్పలేదు కదా.

సంక్రాంతికి ముందు ఒక రోజు తీసుకుపోయాను. కారు మాట్లాడతానంటే వద్దన్నది. బస్సుకే పోవాలట. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా. మహాలక్ష్మి పథకం. ఆరాంఘర్ దగ్గర పాలమూరు బస్సెక్కాం. అత్తమ్మ ఆధార్ కార్డు తీసి, కండక్టర్ అడగకముందే చూపించింది. జీరో టికెట్ ఇచ్చాడు. "నీకెంత పడ్డది?" అని నన్ను అడిగింది. చెప్పాను. "అంతనా!" అని సంతోషంగా కిటికీ వైపు తిరిగింది. ఆ జీరో టికెట్ జడ్చర్ల దాకా చేతిలోనే పట్టుకుంది.

శంషాబాద్ దాటాక మాటలు మొదలుపెట్టింది. పెళ్ళయిన కొత్తలో కాచిగూడ నుంచి మీటరు గేజి రైల్లో పోయేవాళ్ళట. బొగ్గు నుసి కళ్ళల్లో పడేదట. మా నాయిన ఆమెను దింపడానికి వచ్చి, తిరిగిపోయే రైలు తప్పిపోయిందని అబద్ధమాడి రెండు రోజులు ఉండిపోయేవాడట. మా నాయిన గురించి ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఆయన పోయి పన్నెండేళ్ళు. షాద్‌నగర్ దగ్గర బస్సు కాసేపు ఆగింది. నేను దిగి చాయ్ తెచ్చాను. కాగితం కప్పులో, చక్కెర లేకుండా. ఆ రోజు అది రెండో చాయ్.

చిన్నత్తమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అక్కను చూసి లేవలేదు. "ఇప్పుడు యాదికొచ్చిన్నా?" అన్నది. అత్తమ్మ ఏమీ అనకుండా పక్కన కూర్చుంది. చాటలో పచ్చి కందికాయలు ఉన్నాయి. ఇద్దరూ ఒలవడం మొదలుపెట్టారు. ఒక గంట గడిచింది. మధ్యలో ఎవరిదో పేరు, ఎవరిదో చావు, ఎవరికో పుట్టిన పిల్ల. మళ్ళీ కందికాయలు. ఫోటో తీద్దామని ఫోను బయటికి తీశాను. తీసి, మళ్ళీ జేబులో పెట్టాను. లేచి వంటింట్లోకి పోయాను. చాయ్ పెట్టి తెచ్చాను. ఇద్దరూ ఒకేసారి తాగి, ఒకేసారి అన్నారు. "చక్కెర ఎక్కువైంది." చిన్నత్తమ్మకు కూడా షుగర్ అని అప్పుడు తెలిసింది.

ఈసారి ఎప్పుడు పోవాలో అత్తమ్మే నిర్ణయించింది. అలిగిన బతుకమ్మ నాడు. ఆ రోజు బస్సుల్లో మంది ఎక్కువ ఉండరట. పొద్దున తొమ్మిదికల్లా ఆరాంఘర్ దగ్గర ఉండాలట. కిటికీ పక్క సీటు తనదేనని ముందే చెప్పింది. చెల్లెకు ఒక లైటరు కొనమని కూడా చెప్పింది. రేపు కొనాలి.